నింద వానకు, బరువు రోడ్డుకు

దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పాడైతే తప్పు వానది, లేదంటే కాంట్రాక్టరుది అంటాం. కానీ బరువైన లారీలు బ్రేకు వేసి ఆగే ఎల్‌బీ నగర్ లాంటి కూడళ్లలో తారు చక్రాల కింద కుంగి, పక్కన ఉబ్బుతుంది. ఆ గాడిలో పడ్డ బైకు హ్యాండిల్ మాట వినదు. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డు అరుగుదల సుమారు 16 రెట్లని 1958-60 నాటి అమెరికా పరీక్షలు తేల్చాయి. అయినా 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కు పెంచింది. అదే లెక్కన అరుగుదల 60 శాతం ఎక్కువ. ఆపైన ఓవర్‌లోడు! దానికి జరిమానా 20 వేల రూపాయల నుంచి మొదలు. అదనపు సరుకు దించేదాకా బండిని కదలనివ్వొద్దనీ చట్టంలోనే ఉంది. చలానా రాసి వదిలేస్తే చాలదు, సరుకు దింపించాల్సిందే. లేకపోతే లారీకి మిగిలే కిరాయి కోసం రోడ్డు రిపేరు ఖర్చు మన పన్నుల్లోంచి పోతూనే ఉంటుంది.