ఎర్రబడిన ప్రతి కన్నూ కలక కాదు

కన్ను ఎర్రబడితే చాలు, "కలకేలే, నాలుగు రోజుల్లో అదే పోతుంది" అనేయడం మనకు అలవాటు. 2023 వానాకాలంలో కండ్లకలక ఊరూరా పాకినప్పటి నుంచి ఈ ధీమా మరీ ఎక్కువైందనిపిస్తుంది నాకు. కానీ వెలుతురు చూడలేక తలుపులు మూసుకుని కూర్చోవలసి వస్తోందంటే, అది ఉత్త కలక కాకపోవచ్చు.

కలకలో పుసులు, దురద, నీరు కారడం ఎక్కువ. నొప్పి, చూపు మసక కూడా తోడైతే నల్లగుడ్డు మీద పుండు కావచ్చు, కంటి లోపలి పొరల వాపూ కావచ్చు. ఈ వాపు కొందరిలో కీళ్లవాతంతోనో, క్షయతోనో ముడిపడి ఉంటుంది. తలనొప్పి, వాంతులతో హఠాత్తుగా వస్తే నీటికాసులేమోనని అనుమానించాలి. కోతల్లో, నూర్పిళ్లలో వడ్ల ఊకో, ఆకు కొసో కంట్లో గీసుకుంటే బూజు చేరి పుండు పడుతుంది.

అలాంటి కంట్లో చనుబాలు, ఆకుపసర్లు పోయడం ప్రమాదం. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టిరాయిడ్ చుక్కలు మరీ ప్రమాదం. పైకి ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల పుండు ముదురుతుంది. మిగిలే మచ్చ చూపునే మింగేస్తుంది.

పిల్లాడి కన్ను ఎర్రబడితే పరుగెత్తే అమ్మ, తన కంటి దగ్గరికొచ్చేసరికి "కోతలయ్యాక చూద్దాంలే" అంటుంది. ఒక పూట వంట ఆలస్యమైతే కొంప మునగదు. నొప్పి, మసక, వెలుతురు పడకపోవడం... వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించుకోండి.