సీసాలో దొరకని వాసన

ఇంటి నుంచి పని చేసే మా తరానికి కొత్త సరస్వతి దొరికింది. పదిహేను మిల్లీలీటర్ల సీసాలో ఉంటుంది. డిఫ్యూజర్‌లో నీళ్లు పోసి, నాలుగు చుక్కలు రోజ్‌మెరీ నూనె వేసి స్విచ్ నొక్కితే సృజనాత్మకత పెరుగుతుందట. నేనూ కొన్నాను. నెల రోజులు వాడాను. గది ఘుమఘుమలాడింది. మొదలుపెట్టిన కథ మాత్రం రెండో పేరా దాటలేదు.

వాసనల మీద నాకేం కోపం లేదు. సాంబ్రాణి పొగలో పెరిగినవాళ్లమే. నా కోపమల్లా సీసా మీద ‘సృజన’ అన్న మాట అంటించి అమ్మడం మీద.

సైన్సు ఉంది కదా అంటారు. ఉంది. ఇంగ్లండ్‌లో నార్తంబ్రియా యూనివర్సిటీ వాళ్ల ప్రయోగం ఒకటి 2003లో అచ్చయింది. 144 మందిలో కొందరికి రోజ్‌మెరీ, కొందరికి లావెండర్, మిగతావాళ్లకి ఏ వాసనా లేకుండా పరీక్షలు పెట్టారు. రోజ్‌మెరీతో జ్ఞాపకం నాణ్యత మెరుగైంది, వేగం తగ్గింది. లావెండర్ వర్కింగ్ మెమరీని దెబ్బతీసింది. సరే, కానీ ఇవి జ్ఞాపకానికీ ధ్యాసకీ పెట్టిన పరీక్షలు. చూసింది గుర్తుపెట్టుకోవడం వేరు, లేని వాక్యాన్ని పుట్టించడం వేరు. ర్యామ్ పెంచినంత మాత్రాన ప్రోగ్రాం తనని తాను రాసుకోదు.

అల్లసాని పెద్దన పేరు మీద ఒక చాటుపద్యం చెప్తారు. కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో అందులో ఏకరువు పెడతాడాయన. అలజడి లేని చోటు, కర్పూర తాంబూలం, నచ్చిన భోజనం, ఊగడానికి మంచం, మంచీచెడూ తెలిసి వినేవాళ్లు, మనసెరిగి రాసిపెట్టేవాళ్లు, చదివేవాళ్లు. ఇవన్నీ ఉంటే తప్ప కుదరదంటాడు. కర్పూరం ఆ జాబితాలోనూ ఉంది, చూడండి. కర్పూరం ఒక్కటే లేదు.

మార్కెట్ ఆ జాబితాలోంచి కర్పూరాన్ని మాత్రం ఏరుకుని, మిగతాది అవతల పారేసింది. అలజడి లేని చోటా? డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో డైనింగ్ టేబులే ఆఫీసు. తీరికా? రాత్రి పదిన్నరకి క్లయింట్ కాల్. భోజనమా? కాల్ మధ్యలో అమ్మో భార్యో చప్పుడు కాకుండా తెచ్చిపెట్టే ప్లేటు. ఆ తెచ్చిపెట్టే మనిషికి అలజడి లేని చోటు ఎక్కడుందని మనమెప్పుడైనా అడిగామా?

పెద్దనకి రాయలున్నాడు, మనకెవరున్నారు అనొచ్చు. నిజమే. కానీ ఆ పద్యంలో నాకు కనిపించేది భోగం కాదు, నిక్కచ్చితనం. పని కావాలన్నవాడే వసతులు ఇవ్వాలంటోంది. నూనె సీసా దాన్ని తిరగేసింది. చోటూ సమయమూ లేకపోవడం నీ లోపమే, కాబట్టి నీ డబ్బుతో నువ్వే బాగుపడు అంటోంది. పైగా ఆ పెరిగిన చురుకు ఎవరికి పోతోంది? నా కథకి కాదు, స్ప్రింట్‌కి.

తెలుగులో ‘వాసన’కి ఇంకో అర్థం ఉంది. చదివిందీ అనుభవించిందీ మనసులో మిగిల్చిపోయే సంస్కారం. అది పట్టడానికి ఏళ్లు పడుతుంది, ఊరికే కూర్చునే సాయంత్రాలు కావాలి.

డిఫ్యూజర్‌ని అటక మీద పెట్టేశాను. వారంలో రెండు రోజులు ఏడు దాటాక కాల్స్‌కి రానని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.