భోజనం కాగానే చాయ్ తాగుతున్నారా?

కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ ఏసీ గదిలో సోఫాల మీద కూర్చోబెట్టి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చే హోటళ్ళు ఇప్పుడు వెలిశాయి. ఇంటిపని ముగించుకుని స్నేహితురాళ్ళతో అక్కడ కాసేపు గడపడం మంచిదే. మనసుకూ విశ్రాంతి కావాలి. కాని వేళ చూసుకోండి.

తేయాకులోని టానిన్లు ఆహారంలోని ఇనుము వంటబట్టకుండా అడ్డుపడతాయి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము అసలే తక్కువగా వంటబడుతుంది. భోజనం కాగానే చాయ్ తాగితే అది ఇంకా తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. నీరసం, ఆయాసం, కళ్ళు తిరగడం దీని లక్షణాలు. నీరసంగా ఉందని మరో కప్పు తాగితే జబ్బు మరుగున పడుతుందే గాని నయం కాదు.

భోజనానికీ చాయ్‌కీ మధ్య కనీసం గంట వ్యవధి ఉంచండి. పప్పులో, కూరలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. గర్భిణీ స్త్రీలు ఇనుము మాత్రలను చాయ్‌తో మింగరాదు. నీరసం వదలకపోతే దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. తరువాత నిశ్చింతగా చాయ్‌కి వెళ్ళండి, సాయంత్రం నాలుగింటికి!