పేరు మార్చుకున్న విమానం

మా నాన్నకీ పెదనాన్నకీ మాటల్లేవు. పంపకాలనాటి గట్టు తగాదా. కాని బావి మాత్రం పొత్తు. మోటారు కాలిపోయినప్పుడల్లా ఇద్దరూ చెరిసగం డబ్బు మా నాయనమ్మ చేతిలో పెడతారు. రసీదు ఆమె పేరున ఉంటుంది. అన్నకిచ్చానని ఈయన అనడు, తమ్ముడి దగ్గర పుచ్చుకున్నానని ఆయనా అనడు. పల్లెటూరి మొండితనమని నవ్వుకునేవాణ్ణి, జపాను సంగతి చదివేదాకా.

అసలు చైనా ఎవరిదన్న విషయంలో బీజింగుకీ తైవానుకీ పేచీ. 1972లో జపాను బీజింగు ప్రభుత్వాన్ని గుర్తించి, తైవానుతో దౌత్య సంబంధాలు వదులుకుంది. విమానాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 1974 ఏప్రిల్లో జపాను, చైనాలకు విమాన ఒప్పందం కుదిరింది. తైవాను విమానాల మీది జెండాను జాతీయ పతాకంగా చూడబోమని జపాను విదేశాంగ మంత్రి ఒహిరా అన్నాడు. తైవానుకు రోషం వచ్చి సర్వీసులు ఆపేసింది, తన ఆకాశంలోకి కూడా రానివ్వలేదు.

ఏడాది గడిచాక జపాన్ ఎయిర్‌లైన్స్ వారు ఓ పిల్ల కంపెనీ పెట్టారు. పేరు జపాన్ ఏషియా ఎయిర్‌వేస్. తోక మీద తల్లి కంపెనీ ఎర్రకొంగ బొమ్మ తీసేశారు. 1975 సెప్టెంబరులో అది తైపేకి ఎగిరింది. ఇంకో తమాషా వినండి. 1978లో నరితా విమానాశ్రయం తెరిచి అంతర్జాతీయ సర్వీసుల్ని అక్కడికి మార్చినా, తైవాను వారి చైనా ఎయిర్‌లైన్స్‌ని పాత హనేదాలోనే ఉంచారు, 2002 దాకా. మా బావి దగ్గరా అంతే, నాన్న ఉన్నవేళ పెదనాన్న రాడు.

తర్వాత బ్రిటిష్, స్విస్, డచ్చి కంపెనీలూ ఇదే దారి పట్టాయి. స్విస్ వారు తోక మీది శిలువ తీసి చైనా అక్షరం వేశారు!

ఇది వట్టి దొంగాట అంటాడు నా రూమ్మేటు. సీసా మీద లేబిల్ మారిస్తే లోపలి ఆమ్లం మారుతుందా అని వాడి ప్రశ్న. మారదు. కాని ఇక్కడ మోసపోయిందెవరు? అందరికీ తెలిసిన అబద్ధమే గదా. ప్రయాణికుడు ఊరు చేరాడు. పౌరుషం కోసం దారి మూసేయడం కంటే ఇది నయమనే నేనంటాను.

నాకు నచ్చనిదల్లా ఒక్కటే. ఆ ఏర్పాటు ముప్పై మూడేళ్ళు నడిచింది. 2008లో పిల్ల కంపెనీ తల్లిలో కలిసి, కొంగబొమ్మ కంపెనీయే సొంత పేరుతో తైపే వెళితే ఆకాశం విరిగిపడలేదు. ఆ పని ఇంకాస్త ముందే చేసి చూడొచ్చుగా?

నాయనమ్మకు ఎనభై దాటాయి, ఇప్పుడు మంచం దిగడం లేదు. మొన్న సెలవులకు వెళ్ళేసరికి మోటారు మళ్ళీ కాలింది. నాన్న సగం డబ్బు నా చేతిలో పెట్టాడు. సాయంత్రం పెదనాన్న కూడా నన్నే పిలిచి మిగతా సగం ఇచ్చాడు. రసీదు నా పేరున రాయించాను.