పాత పత్రముపై కొత్త బండి

“మీ కారు గడువు ముగియుచున్నది. అమలులోనున్న లీజు ఒప్పందము క్రిందనే మరియొక కారును ఎన్నుకొనవచ్చును. జాబితా జతపరచడమైనది.” మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డు ప్రాంతముల కచేరీలలో పనిచేయు మన తెలుగు సోదర సోదరీమణులకు ఇట్టి లేఖలు వచ్చుచున్నవి. లేఖ అందుకొన్నవారు మొదట చూచునది బండి రంగు. పిమ్మట చూచునది ఇంటి ముందర అది పట్టునా, పట్టదా యన్నది. ఒప్పంద పత్రమును తీసి చదువువారు అరుదు. ఏ కారు అన్నది రెండవ ప్రశ్న. ఏ షరతుల మీద అన్నది మొదటి ప్రశ్న. రెండవ ప్రశ్నను ముందుకు నెట్టి మొదటి ప్రశ్నను నోటికి రానీయని ఈ పద్ధతిని మేము ఖండించుచున్నాము.

ఈ ఏర్పాటులో ముగ్గురున్నారు. బండిని కొని అద్దెకిచ్చు లీజు సంస్థ ఒకటి. దానితో ఒప్పందము చేసికొన్న యజమాని కంపెనీ రెండవది. జీతములో నుండి నెలనెల అద్దె కోయించుకొను ఉద్యోగి మూడవవాడు. కంపెనీకి, లీజు సంస్థకు నడుమ ఒక మూల ఒప్పందముండును. దాని క్రింద ఒక్కొక్క బండికి ఒక్కొక్క షెడ్యూలు వ్రాయుదురు. అద్దె ఎంత, ఎన్ని నెలలు, గడువు తీరినపుడు మిగులు విలువ ఎంత, మధ్యలో ముగించినచో రుసుము ఎంత అన్నవి అన్నియు ఆ షెడ్యూలులోనివే. డబ్బు ఎవరిదో వాని సంతకము చిట్టచివరి పుటలో ఒక అంగీకార పత్రము మీద మాత్రమే పడును. ఆ పత్రము ఆంగ్లములో, చిన్న అక్షరములలో ఉండును. చదువుకొన్న మనవారే దానిని చదువరు.

బండి మారినపుడు షెడ్యూలు మారవలెను. మాట తేలికయే, కాని ఆచరణలో జరుగుచున్నది వేరు. పాత షెడ్యూలులో మిగిలిన బాకీని, రుసుమును క్రొత్త షెడ్యూలు అద్దెలో కలిపివేసి, “నెలకు కొంచెమే పెరిగినది” అని చెప్పుచున్నారు. ఆ కొంచెములో ఏమున్నదో ఒక ఉదాహరణముతో చెప్పెదము.

2022 సెప్టెంబరు మొదటి వారములో కురిసిన వానలకు బెళ్ళందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతములు మునిగిన సంగతి పాఠకులు మరచియుండరు. నేలమాళిగలలో నిలిపిన కార్లు నిలిపినచోటనే నీటి పాలైనవి. మన సభ్యులలో ఒక యువకుని కారు వానిలో ఒకటి. దాని షోరూము ధర 10 లక్షలు. బాగుచేయు ఖర్చు బీమా విలువలో 75 శాతమునకు మించినపుడు బండిని పూర్తి నష్టముగా లెక్కించి, ప్రకటిత విలువను చెల్లించుట బీమా సంస్థల రివాజు. రెండు సంవత్సరములు దాటి మూడు నిండని బండికి ఆ విలువ 30 శాతము తరుగును. అనగా బీమా వలన వచ్చినది 7 లక్షలు. లీజు సంస్థ చూపిన బాకీయో, ముందస్తు ముగింపు రుసుముతో కలిపి 8,20,000. ఏలనగా నమోదు పన్ను, బీమా, వడ్డీ అన్నియు అద్దెలో చేరియుండెను. బీమా విలువలో అవి చేరవు.

తేడా 1,20,000 రూపాయలు. “మీరిప్పుడేమియు కట్టనక్కరలేదు, క్రొత్త కారును ఎన్నుకొనుడు” అని ఆదరముతో చెప్పిరి. ఆ యువకుడు సంతోషించి ఎన్నుకొనెను. 48 నెలల క్రొత్త అద్దెలో, వడ్డీ గాక, నెలకు 2,500 రూపాయలు మునిగిపోయిన కారు కొరకు కట్టుచున్నానని అతడెరుగడు. పత్రము మా యెదుట పెట్టి కూడిన దినమున ఎరిగెను. లేని బండికి నాలుగేండ్లు అద్దె కట్టుటను సౌకర్యమందుమా?

ఇందుకు వచ్చు మొదటి ఆక్షేపణను మేమెరుగుదుము. “ఇది కంపెనీ దయతో ఇచ్చు వసతి. దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కింపవచ్చునా?” అని కొందరు పెద్దలే అనుచున్నారు. అయ్యా, ఇది దానము కాదు. ప్రతి రూపాయి ఉద్యోగి జీతములో నుండి పోవునదే. ఇందులో లాభమనునది ఆదాయపు పన్ను లెక్కలో వచ్చు వెసులుబాటు. 1962 నాటి ఆదాయపు పన్ను నియమావళి క్రింద, కచేరీ పనికిని సొంత పనికిని వాడుకొను కంపెనీ కారునకు, ఖర్చులు కంపెనీయే భరించునపుడు, ఇంజను 1.6 లీటర్లకు మించనిచో నెలకు 1,800, మించినచో 2,400 రూపాయలు మాత్రమే జీతమునకు కలిపి లెక్కించిరి. ఆ అంకెలను చూచియే మనవారు ఈ దారి పట్టిరి. కాని 1961 నాటి చట్టమునకు బదులుగా 2025 లో చేయబడిన క్రొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1 ని తన అమలు తేదీగా నిర్ణయించినది. కావున పాత చట్టము నాటి లాభపు పట్టికను చూపి నాలుగేండ్ల క్రొత్త అద్దెకు సంతకము చేయించుట న్యాయము కాదు. అమలులోనున్న నియమము క్రింద లెక్క వేసి చూపుడని అడుగవలెను.

రెండవ ఆక్షేపణ “ఒప్పందము ఒప్పందమే, మార్చుటకు వీలులేదు” అనునది. చట్టము అట్లనలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 62 వ సెక్షను ప్రకారము, ఉభయులు అంగీకరించి పాత ఒప్పందము స్థానమున క్రొత్తదానిని నిలిపినచో పాతదానిని నెరవేర్చనక్కరలేదు. 74 వ సెక్షను ప్రకారము, ఒప్పంద భంగమునకు పత్రములో ఎంత మొత్తము వ్రాసియున్నను, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కును. బండి మారి, ధర మారి, గడువు మారి, అద్దె మారిన తరువాత ఇంకను పాత షెడ్యూలు బ్రతికియున్నదనుట, చచ్చిన ఎద్దుకు పగ్గము కట్టి కూలి అడుగుట వంటిది. పైగా ఒక బండిని వదలి అదే సంస్థ వద్ద మరియొక బండిని తీసికొనువాడు ఒప్పందమును వదలి పారిపోవుచున్నవాడు కాడు. వానిపై ముందస్తు ముగింపు రుసుమేల?

ధరల జాబితా మాట చూతము. 2025 సెప్టెంబరు 22 నుండి వస్తు సేవల పన్ను మారినది. నాలుగు మీటర్ల పొడవునకు మించని, 1200 సి.సి. లోపు పెట్రోలు కార్లపై, 1500 సి.సి. లోపు డీజిలు కార్లపై సెస్సుతో కలిపి 29, 31 శాతములుగానున్న పన్ను 18 శాతమునకు దిగినది. పెద్ద కార్లపై సెస్సుతో 45 నుండి 50 శాతము వరకునున్నది 40 శాతమైనది. విద్యుత్ కార్లపై 5 శాతము మారలేదు. బండిని అద్దెకిచ్చునపుడు అద్దెపై పన్ను కూడ ఆ వస్తువునకు వర్తించు రేటుననే నడచును. కాబట్టి ఆ తేదీకి ముందు నాటి ధరలతో కూర్చిన జాబితా నుండి బండిని ఎన్నుకొనుమనుట, తగ్గిన పన్నును జేబులో వేసికొనుటయే. పన్ను మారినపుడు పాత లీజుల సంగతి ప్రత్యేకముగా చూడవలెనని ప్రభుత్వమే లోగడ ఒప్పుకొన్నది. 2017 జూలై 1 కి ముందు కొని లీజుకిచ్చిన వాహనముల అద్దెపై, 2020 జూన్ వరకు, రేటులో 65 శాతమే పన్ను వసూలు చేయుటకు ఉత్తర్వు వెలువడినది. ప్రభుత్వము చూడగలిగినదానిని లీజు సంస్థలు చూడలేవా?

కర్ణాటకములో మరియొక భారమున్నది. ఈ రాష్ట్రము కారు మొదటి నమోదునాడే ఆయుష్కాల పన్నును ఒక్క మొత్తముగా వసూలు చేయును. సాధారణ కార్లపై సెస్సు గాక, ధరను బట్టి 13 శాతము మొదలు 18 శాతము వరకు విధించుచు వచ్చినది. లీజు బండి విషయమున ఈ పన్నంతయు నాలుగేండ్ల అద్దెలో ఇముడును. నాలుగేండ్లు గడచి బండిని అప్పగించినపుడు, మిగిలిన ఆయుష్షునకు కట్టిన పన్ను కూడ బండితోనే పోవును. క్రొత్త బండికి మరల మొదటినుండి ఆయుష్కాల పన్ను. ఆయుష్షునకు పన్ను కట్టినది మనము. ఆయుష్షు అనుభవించునది వారు. బండిని తిరిగి తీసికొనునపుడు కట్టు వెలలో ఈ సంగతి కానరాదు. అదే బండిని మనమే కొనెదమన్నచో వెల పైకి లేచును. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఇక్కడ అక్షరాల నిజమగుచున్నది.

ఇది చూచి కొందరు మనవారు ఊరిలో బంధువు పేర ఆంధ్ర నంబరుతోనో, తెలంగాణ నంబరుతోనో బండి కొని ఇక్కడ త్రిప్పుకొందమనుచున్నారు. అది పరిష్కారము కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47 వ సెక్షను ప్రకారము, ఒక రాష్ట్రమున నమోదైన బండిని 12 నెలలకు మించి మరియొక రాష్ట్రమున ఉంచినచో అక్కడి నంబరు కొరకు దరఖాస్తు చేయవలెను. పన్ను అప్పుడు తప్పదు, తగవు అదనము.

ఆ చట్టమే 2 వ సెక్షనులో యజమాని అను పదమునకు అర్థము చెప్పుచు, లీజు ఒప్పందమునకు లోబడిన బండి విషయమున, ఆ ఒప్పందము ప్రకారము బండిని స్వాధీనమందుంచుకొన్న వానినే యజమానిగా పేర్కొన్నది. ప్రమాదము జరిగినపుడు జవాబుదారీ స్వాధీనములో నున్నవానిని వెదకుకొనుచు వచ్చును. అమ్మినపుడు వచ్చు డబ్బు మాత్రము హక్కుదారును వెదకుకొనుచు పోవును. ఇంత బరువు మోయువానికి షరతులను అడుగు హక్కు లేదనుట ఏ ధర్మము?

ఇక మన తప్పు కూడ చెప్పుకొనవలెను. పత్రము చదువకుండ పెద్ద బండిని ఎన్నుకొనుటలో మన అహము లేకపోలేదు. సంక్రాంతికి అనంతపురమో, చిత్తూరో, నెల్లూరో పోయి వీధిలో నిలుపునపుడు బండి ఎత్తుగా కనబడవలెను. పెండ్లిచూపులలో దాని పేరు వినబడవలెను. ఏడాదిలో నాలుగు దినముల గొప్పకు నలువదియెనిమిది నెలల కోత. సిల్కుబోర్డు కూడలిలో చిన్న బండియు కదలదు, పెద్ద బండియు కదలదు. పైగా ఈ నగరమున ఉద్యోగములు ఎంత నిలకడగానున్నవో చూచుచునే యున్నాము. ఉద్యోగము పోయిననాడు జీతము ఆగును, షెడ్యూలు ఆగదు. పెద్ద అద్దె నెత్తిన పెట్టుకొన్నవాడు అన్యాయము ఎదురైనను ఉద్యోగము మానలేక, నోరెత్తలేక యుండును. ఇది కారు సంగతి మాత్రమే కాదు, మనిషి స్వాతంత్ర్యపు సంగతి.

కావున మేము కోరునవి ఇవి. ఒకటి: క్రొత్త బండిని చూపుటకు ముందు పాత షెడ్యూలు లెక్కను వేరు కాగితము మీద ముగించి, బాకీ ఇంత, రుసుము ఇంత అని చూపవలెను. రెండు: అదే సంస్థ వద్ద బండి మార్చుకొనువానికి ముందస్తు ముగింపు రుసుము ఉండరాదు. మూడు: ధరలు సంతకము నాటి పన్నుతో ఉండవలెను. నాలుగు: మిగులు విలువను మొదటి దినముననే అంకెలలో వ్రాయవలెను. ఐదు: బండి పూర్తిగా నష్టపోయినపుడు తేడా ఎవరు భరింతురో స్పష్టముగా చెప్పవలెను, క్రొత్త బండ్లకు దొరకు ఇన్‌వాయిసు విలువ రక్షణను, ఇంజను రక్షణను బీమాలో చేర్చవలెను. ఆరు: ఉద్యోగము పోయినచో బండిని అప్పగించి బయటపడు మార్గముండవలెను.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు ఒప్పందములపై రాష్ట్ర కమిషనుకు ఫిర్యాదు చేయు వీలు కల్పించినది. అయితే మూల ఒప్పందము కంపెనీ పేరనుండగా ఉద్యోగి వినియోగదారుడగునా యను తగవు అక్కడ తప్పక లేచును. అందుచేత ముందుగా అడుగవలసినది కచేరీలోనే. ఒక్కడు అడిగినచో పేచీకోరు అందురు; ఒకే జాబితా అందుకొన్న పదిమంది కలిసి అడిగినచో జవాబు వ్రాయుదురు. ఆ పదిమందిలో కన్నడ సోదరులు, తమిళ సోదరులు కూడ ఉందురు. ఈ విషయమున వారి జేబు వేరు, మన జేబు వేరు కాదు.

పత్రము అర్థము కానివారు సిగ్గుపడవలసిన పనిలేదు. న్యాయశాస్త్రము చదివినవారు, లెక్కలు తెలిసినవారు మన సంఘములో ఉన్నారు. సంతకమునకు ముందు పత్రమును తెచ్చి, తెలుగులో దాని అర్థము చెప్పించుకొనుడు. కారు తాళము చేతికి వచ్చిన తరువాత ఎంత చదివినను లాభములేదు. బండిని ఎన్నుకొనుటకు ఒక పూట పట్టినచో, షరతులను చదువుటకు రెండు పూటలు పట్టనిండు.