రైటా? ప్రివిలేజా?

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ చూద్దామని రెండు రోజులు లీవు పెట్టాను. మాది గురజాల దగ్గర పల్లెటూరు. ప్రభలు చూసి నాలుగేళ్ళయింది. అదే వారం రిలీజు ఉందని మా మేనేజరు రిజెక్ట్ చేశాడు. అక్కడిదాకా నాకేం బాధ లేదు, ఉద్యోగం అన్నాక ఇవన్నీ మామూలే. కానీ పోతూ పోతూ ఒక మాట అన్నాడు: "లీవ్ ఈజ్ ఎ ప్రివిలేజ్, నాట్ ఎ రైట్". నేను తల ఊపి సీట్లోకొచ్చి కూర్చున్నాను. ఆ మాట మాత్రం బుర్రలోంచి పోలేదు.

మా కంపెనీలో ఆ సెలవు పేరు కూడా ప్రివిలేజ్ లీవే. పాత కంపెనీలో ఇదే సెలవుని ఎర్న్‌డ్ లీవ్ అనేవాళ్ళు. ఒకే సెలవు, రెండు పేర్లు. ఒక పేరు 'నువ్వు సంపాదించుకున్నావు' అంటుంది, రెండోది 'మేం దయతలచి ఇచ్చాం' అంటుంది. పేరులో ఏముందిలే అనుకుంటాం గానీ, చాలా ఉంది.

రైట్ అంటే హక్కు. అది నీది, అడ్డుకున్నవాడు కారణం చెప్పుకోవాలి. ప్రివిలేజ్ అంటే ఇంకొకరు నీకిచ్చిన వెసులుబాటు. అది కావాలంటే నువ్వు కారణం చెప్పుకోవాలి. తేడా అంతా ఇక్కడే ఉంది. మన డేటాబేస్ భాషలో చెప్పాలంటే, గ్రాంట్ చేసిందాన్ని రివోక్ చేయొచ్చు. అందుకే వాటిని ప్రివిలేజెస్ అంటారు. తమాషా ఏంటంటే, ఒరాకిల్ వాడి డాక్యుమెంటేషన్‌లో ప్రివిలేజ్ అంటే ఫలానా పని చేసే రైట్ అని రాసుంటుంది. మనవాళ్ళు రెండింటినీ కలిపేసి వాడటంలో ఆశ్చర్యం లేదు!

ఈ రెండు మాటల గొడవ మా పల్నాడుకి కొత్త కాదండీ. 1870లలో అడవుల చట్టం ఎలా ఉండాలని తెల్లదొరలు వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. బేడెన్ పావెల్ అనే అధికారి వాదన ఇది: ఊళ్ళవాళ్ళు తరతరాలుగా అడవిలో పశువుల్ని మేపుకుంటున్నా, కట్టెలు తెచ్చుకుంటున్నా, ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోనంతవరకు అది రైట్ కాదు, ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలేసిన ప్రివిలేజ్ మాత్రమే. మద్రాసు రెవెన్యూ బోర్డు దీనికి అడ్డం తిరిగింది. మా రాజధానిలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవంటూ దాదాపు లేదు, అవి ఆ ఊళ్ళవే అని 1871లో గట్టిగానే చెప్పింది. చివరికి గెలిచింది మొదటి వాదనే. 1878లో ఇండియన్ ఫారెస్ట్ యాక్టు, 1882లో మద్రాసు ఫారెస్ట్ యాక్టు వచ్చాయి. రిజర్వు చేయబోయే అడవిలో ఎవరికైనా హక్కుంటే గడువులోగా వచ్చి రుజువు చేసుకోవాలి, లేకపోతే పోయినట్టే. గొడ్లు కాసుకునేవాడు ఏ కాగితం తెచ్చి చూపిస్తాడు చెప్పండి?

అలా నిన్నటిదాకా ఊరి అడవిలో ఊరి గొడ్లు మేయడం హక్కు, ఇవాళ్టినుంచి పర్మిట్. పర్మిట్ అన్నాక డబ్బు కట్టాలి. అదే పుల్లరి. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టం పొమ్మన్నారు. పర్మిట్లు లేకుండానే పశువుల్ని అడవిలోకి తోలారు. మాచర్ల వైపు అధికారుల్ని సంఘ బహిష్కారం చేశారు. మించాలపాడులో ఈ పోరాటం నడిపిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చిన్నప్పుడు ఈ కథ విని, పన్ను ఎక్కువ వేసినందుకు తిరగబడ్డారు కాబోలు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తోంది, గొడవ పన్ను ఎంతన్నది ఒక్కటే కాదు. కట్టడమంటే 'ఇది మాది కాదు, మీరిస్తే మేపుకుంటున్నాం' అని ఒప్పుకోవడం.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం పూర్తి పేరులో 'హక్కుల గుర్తింపు' అని ఉంటుంది. ఇస్తున్నాం అనలేదు, గుర్తిస్తున్నాం అన్నారు. పశువులు మేపుకోవడం కూడా ఆ జాబితాలో ఉంది. గ్రాంట్‌కీ రికగ్నైజ్‌కీ తేడా అదే. ఉన్నదాన్నే గుర్తించగలం, లేనిదాన్ని ఇవ్వగలం. అమలు ఎలా ఉందన్నది వేరే కథ. మాట మాత్రం సరైనది ఎంచుకున్నారు.

మళ్ళీ నా లీవుకొస్తాను. పుల్లరి పోరాటానికీ రెండు రోజుల సెలవుకీ పోలిక పెట్టేంత తెలివితక్కువవాణ్ణి కాను. ప్రాణాలు పెట్టినవాళ్ళు వేరు, ఏసీలో కూర్చున్న మనం వేరు. కానీ మాటల మడతపేచీ మాత్రం ఒకటే. షాపులు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే మరుసటి ఏడాది జీతంతో 15 రోజుల సెలవు రావాలి. అది ఎవరి దయా కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సెలవుల నిబంధనల్లో కూడా సెలవుని హక్కుగా అడగకూడదని ఉంటుంది, నిజమే. కానీ అక్కడే, వాడుకోని ఎర్న్‌డ్ లీవుకి రిటైరయ్యేటప్పుడు 300 రోజులదాకా డబ్బు ఇస్తారు. అంటే ఏ రోజు తీసుకోవాలన్నదాంట్లో కాదనొచ్చు గానీ, సెలవే నీది కాదు అనడానికి లేదు. మా మేనేజరు "ఈ వారం కుదరదు" అంటే సరిపోయేది. అది న్యాయమైన మాట.

మన తప్పు కూడా లేకపోలేదు. ఆఫీసు క్యాబు, ఫ్రీ కాఫీ, ఇంటినుంచి పని, ఇవన్నీ రైట్లని గొడవపడతాం. కంపెనీ ఆపేస్తే కోపం తెచ్చుకుంటాం. నిజంగా రైటయిన సెలవు దగ్గరికొచ్చేసరికి మాత్రం "సారీ టు బాదర్ యూ" అంటూ మెయిలు మొదలుపెడతాం. తిరగేసి పట్టుకున్నాం అన్నమాట.

అన్నట్టు, ఇంగ్లీషులో లీవ్ అన్న మాటకి పాత అర్థం అనుమతి. తెలుగులో సెలవుకీ అదే. పెద్దవాళ్ళు 'సెలవివ్వండి' అనేది అందుకే. రెండు భాషల్లోనూ మాటే అవతలివాడి పక్షాన ఉంటే మనం ఏం చేస్తాం చెప్పండి! కనీసం వచ్చే ఏడాది లీవు అప్లికేషన్‌లో 'రిక్వెస్ట్' బదులు 'ఇన్‌ఫార్మ్' అని రాద్దామనుకుంటున్నా. ఏమవుతుందో చూడాలి.

ఇక సెలవు. ఇది మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు.