వెండి గిన్నె, పెన్సిలు బొమ్మ



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక యవ్వనస్థుల్లో ఒక అమ్మాయి మాకు ఒక బొమ్మ చూపించింది. ప్రభువు బల్ల మీద ఉంచే మన పాత వెండి గిన్నెను పెన్సిలుతో గీసింది. అంచు దగ్గర చిన్న సొట్ట, అడుగున ఎప్పుడో మాటు వేసిన గుర్తు, నగిషీ సందుల్లో పేరుకున్న నలుపు, అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆ గిన్నెను ఈ చేతులతోనే ఎత్తుతున్నాం. ఆ సొట్టను మాత్రం మొదటిసారి కాగితం మీదే చూశాం. సిగ్గేసింది.

“వెండి మెరుపు ఎలా గీశావమ్మా?” అని అడిగాం.

“అది గియ్యలేదు అయ్యగారూ, వదిలేశాను” అంది.

నిజమే. మెరుపు ఉన్నచోట పెన్సిలే తగల్లేదు, అది ఉత్త తెల్ల కాగితం. మట్టికుండ మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. వెండి మీద అలా కాదు, వెలుగును ఆనుకునే చీకటి ఉంటుంది. ఆ పిల్ల అది కనిపెట్టింది. పెన్సిల్లో ఉండేది సీసం కూడా కాదు, గ్రాఫైటు. సాలూరు నుంచి ఘాట్ ఎక్కితే కనబడే మన తూర్పు కనుమల ఖొండలైటు రాతిలోనూ ఆ నలుపు ఉంది. ఖోండుల పేరే ఆ రాతికి పెట్టారు.

పక్కనున్న పెద్దాయన “బాగుంది గాని, అసలు గిన్నె ఎన్ని తులాలుంటుందో” అన్నారు. దాన్ని మార్చి సౌండ్ సిస్టమ్ కొందామని కమిటీలో అనుకుంటున్న సంగతి మీకు తెలుసు. తూకం అడగడం తప్పని మేము అనం. సంఖ్యాకాండము 7వ అధ్యాయంలో పన్నెండు గోత్రాల ప్రధానులు తెచ్చిన వెండి పాత్రలకూ తూకం ఉంది: 130 తులముల గిన్నె, 70 తులముల ప్రోక్షణపాత్ర. పన్నెండుగురివీ ఒకే రకం. అయినా పన్నెండుసార్లూ విడివిడిగా రాసి, ఆ తర్వాతే 2,400 తులములని మొత్తం చెప్పారు. మేమూ ఆ పేజీలు గబగబా తిప్పేసినవాళ్లమే. తెచ్చినవాని పేరు పక్కన అతని గిన్నె నిలవాలనే అంత ఓపిక పట్టారని ఇప్పుడు అనిపిస్తోంది. మన గిన్నె కరిగిస్తే తులాలు మాత్రమే మిగులుతాయి.

కాబట్టి మా మాట ముందే చెబుతున్నాం. అమ్మవద్దు. సొట్ట కూడా తీయించవద్దు. సౌండ్ సిస్టమ్‌కు చందా వేద్దాం, మొదట మా వంతు ఇస్తాం. వచ్చే ఆదివారం గిన్నెను, బొమ్మను పక్కపక్కన పెడతాం. కమిటీవారు కాస్త ముందుగా రండి.